లువార్ తీరం – 4: తెల్లరాయి తవ్విన చోట

లువార్ నది ఒడ్డున కోటలు చూడాలని రెండు మూడు రోజుల వీలు చేసుకుని వెళ్ళేవాళ్ళు ముందుగా రెండు పట్టీలు రాసుకుంటారు. ఒకదాంట్లో కోటల పేర్లు, ఇంకోదాంట్లో వైన్‌కు పేరుపడ్డ ఊళ్ళ పేర్లు. పొద్దుటి నుంచి కోటలు, పొద్దు వాలాక వైన్. కిందటి భాగాల్లో నది గురించీ, దాని వరదల గురించీ, ఓర్లేయాన్ ముట్టడి గురించీ చెప్పుకున్నాం. ఈ భాగంలో ఆ రెండు పట్టీలనూ ఒకటి చేద్దామని నా ఉద్దేశం. ఇక్కడి కోటా, వైన్ గిడ్డంగీ ఒకే రాతి కడుపున పుట్టాయి. రాయి బయటికొచ్చి కోట అయింది. రాయి పోయిన ఖాళీలోకి వైన్ పీపాలు వచ్చి చేరాయి. ఈ సంగతి తెలియకుండా ఆ సీమంతా తిరిగొచ్చినా సగమే చూసినట్టు.

ఆ రాయిని త్యూఫో అంటారు. తెల్లగా, కాస్త పసుపు జీరతో ఉండే మెత్తటి సున్నపురాయి. సుమారు 9 కోట్ల ఏళ్ళ కిందట ఈ సీమ మీద లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద, ఇసుక, గవ్వల పొడి కలిసి గట్టిపడి ఈ రాయి అయింది. గనిలోంచి తీసినప్పుడు తడిగా ఉంటుంది, రంపంతో కోయొచ్చు. గాలికి ఆరేకొద్దీ పైన గట్టి పొర కడుతుంది. శిల్పికి ఇంతకన్నా ఏం కావాలి? ఇక్కడి కోటల కిటికీల మీద, పొగగొట్టాల మీద, మెట్ల గోడల మీద లేసు అల్లినట్టు కనిపించే చెక్కడమంతా ఈ మెత్తదనం పుణ్యమే. అదే దాని జబ్బు కూడా. వాన నీటిని పీల్చుకుంటుంది, మంచు పడితే పెచ్చులూడుతుంది. అందుకే ఏ కోటకు వెళ్ళినా ఏదో ఒక మూల సారువలు కట్టి ఉంటాయి, పాత రాయి తీసి కొత్త రాయి పెడుతూ ఉంటారు. సారువలు కనబడ్డాయని విసుక్కోవద్దు. ఆ పని ఆగితే కోట మిగలదు.

బేతంచర్ల వైపో, తాండూరు వైపో నాపరాళ్ళ గనులు చూసినవారికి రాయి పోయిన చోట ఏం మిగులుతుందో తెలుసు. పైన తెరుచుకున్న గుంట, అందులో వాన నీళ్ళు. లువార్ లోయలో అలా జరగలేదు. నదులు కోసిన లోయకు రెండు పక్కలా త్యూఫో నిటారుగా గోడలా నిలబడి ఉంది. గనివాళ్ళు పైనుంచి తవ్వకుండా ఆ గోడలోకి అడ్డంగా చొచ్చుకుపోయారు. చుట్టూ గాడి కొట్టి, చీలలు దిగ్గొట్టి ఒక్కో దిమ్మనూ ఊడదీసేవాళ్ళు. పైకప్పు కూలకుండా మధ్యమధ్య స్తంభాలు వదిలేవాళ్ళు. దిమ్మలు గని వాకిట్లోంచే పడవెక్కేవి. మోట్రిషార్ పక్కన షేర్ నది ఒడ్డున ఉన్న బూరే అనే పల్లె గనులు ఈ పనికి పేరుమోసినవి. అలా పదకొండో శతాబ్దం నుంచి కొన్ని వందల ఏళ్ళు మఠాలకు, చర్చిలకు, కోటలకు, మామూలు ఇళ్ళకు రాయి తీస్తూ పోతే కొండ లోపల మైళ్ళకొద్దీ సొరంగాలు మిగిలాయి. ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేకుండా అక్కడ 12 డిగ్రీల చల్లదనం. కొన్నిట్లో మనుషులు కాపురముండిపోయారు. కొన్నిట్లో పుట్టగొడుగులు పెంచారు, ఇప్పటికీ పెంచుతున్నారు. మిగతావాటిల్లోకి వైన్ దిగింది.

ఇంత రాయి అడిగిందెవరు? రాజులు పారిస్ వదిలి ఇక్కడికి ఎందుకు వచ్చారు? నూరేళ్ళ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు, వాళ్ళతో చేతులు కలిపిన బర్గండీ వాళ్ళు పారిస్‌ను చేజిక్కించుకున్నారు. 1418లో అక్కడినుంచి తప్పించుకున్న యువరాజు, తరవాతి ఏడవ చార్లెస్, బూర్జ్, షినాన్, లోష్ కోటల్లో తలదాచుకున్నాడు. జోన్ ఆఫ్ ఆర్క్ 1429లో అతన్ని కలుసుకున్నది షినాన్ కోటలోనే. పారిస్ తిరిగి చేతికొచ్చాక కూడా రాజులకు ఈ నదీతీరం మీద మనసు పోలేదు. వేటకు అడవులున్నాయి, ప్రయాణానికి నది ఉంది, తిరుగుబాటు చేసే మహానగరం పక్కన లేదు. ఎనిమిదవ చార్లెస్ 1494లో సైన్యంతో ఇటలీ మీదికి వెళ్ళి, గెలిచింది నిలుపుకోలేక తిరిగొచ్చాడు. కానీ తోటపనివాళ్ళను, శిల్పులను, చిత్రమైన ఆలోచనలను వెంట తెచ్చుకున్నాడు. తను పుట్టిన అంబ్వాజ్ కోటను ఆ కొత్త పద్ధతిలో దిద్దడం మొదలుపెట్టి, 1498లో అదే కోటలో ఒక తక్కువ ఎత్తు గుమ్మానికి తల కొట్టుకుని, కొద్ది గంటల్లో చనిపోయాడు. అప్పటికి వయసు ఇరవై ఏడు.

రాజు కట్టిస్తే ఆయన ఖజానా చూసేవాళ్ళు ఊరుకుంటారా? ఈ లోయలోని అందమైన కోటల్లో కొన్ని రాజులవి కావు, రాజుల లెక్కలు చూసిన అధికారులవి. అందులో నా దృష్టిలో మొదటిది షెనాన్సో.

తోమా బోయియే ముగ్గురు రాజుల దగ్గర ఆర్థిక వ్యవహారాలు చూసినవాడు. 1513లో షేర్ నది ఒడ్డున మార్క్ వంశంవాళ్ళ పాత దుర్గాన్ని కొని, ఒక్క గుండ్రటి బురుజు మాత్రం ఉంచి మిగతాదంతా పడగొట్టాడు. నదిలో ఉన్న పాత పిండిమర పునాదుల మీద కొత్త కోట లేపాడు. ఆయన ఎక్కువకాలం ఇటలీ యుద్ధాల్లోనే గడిపాడు. దగ్గరుండి కట్టించింది భార్య కేథరిన్ బ్రిసొనే. గదుల అమరికలో ఆమె ముద్ర స్పష్టంగా ఉంది. అప్పటిదాకా ఫ్రాన్స్ కోటల్లో చాలావరకు చుట్లు తిరిగే మెట్లే. ఇక్కడ తిన్నగా ఎక్కే మెట్లు పెట్టారు. ఫ్రాన్స్‌లో అలాంటివాటిల్లో ఇవి తొలినాళ్ళవి. వంటిల్లు నదిలోని స్తంభాల కడుపులో ఉంది. సరుకుల పడవ నేరుగా వంటింటి కిందికే వచ్చి ఆగేది. మాంసం, చేపలు, పీపాలు అక్కడే దించుకునేవాళ్ళు. నేల మీంచి ఒక్క మెట్టు కూడా మోయనక్కర లేదు. ఇల్లు నడిపిన మనిషి ఆలోచించి పెట్టిన ఏర్పాటు ఇది. 1521 నాటికి కోట పూర్తయింది. 1524లో భర్త, 1526లో ఆమె పోయారు. ఖజానా లెక్కల్లో బోయియే బాకీ తేలిందని, ఆ బాకీ కింద 1535లో కోట మొదటి ఫ్రాన్సిస్ రాజు వశమైంది.

1547లో రాజైన రెండవ హెన్రీ దాన్ని డయాన్ ద పువాతియేకు ఇచ్చాడు. ఆమె రాజుకన్నా సుమారు ఇరవై ఏళ్ళు పెద్దది. ఆమెను అందగత్తెగా, రాజు ప్రియురాలిగా మాత్రమే చెప్పి వదిలేస్తారు. అది ఆమెకు అన్యాయం. ఆమె లెక్క తెలిసిన భూస్వామిని. తోటలు వేయించింది, పొలాల రాబడి చూసుకుంది. రాజుగారి ఆస్తిని ఎవరికీ ధారాదత్తం చేయకూడదన్న నియమం ఉందని, రాజు పోయాక తన చేతిలోంచి కోట లాక్కోవచ్చని ఆమెకు తెలుసు. అందుకని వ్యాజ్యాలు నడిపించి, ముందు కోటను బోయియే కొడుకు పేరుకు తిప్పించి, మళ్ళీ వేలంలో తానే కొనుక్కుంది. 1556లో ఫిలిబేర్ ద్లోర్మ్ అనే గొప్ప వాస్తుశిల్పి చేత కోట నుంచి ఆవలి ఒడ్డుకు వంతెన కట్టించడం మొదలుపెట్టింది.

1559 జూన్ 30న పారిస్‌లో జరిగిన గుర్రప్పందెపు బల్లేల పోటీలో ఒక బల్లెం విరిగి రెండవ హెన్రీ కంట్లో గుచ్చుకుంది. జులై 10న ప్రాణం పోయింది. పెళ్ళయినప్పటి నుంచీ డయాన్ నీడలో బతికిన రాణి కేథరిన్ డి మెడిచి ఇప్పుడు రాజమాత. కోటను ఊరికే లాక్కుందామంటే డయాన్ దగ్గర కాగితాలు గట్టిగా ఉన్నాయి. దాంతో తనకున్న షోమోన్ కోట ఇచ్చి షెనాన్సో తీసుకుంది. మరుసటేడు కొడుకు రెండవ ఫ్రాన్సిస్, కోడలు మేరీ స్టువార్ట్‌లకు అక్కడ స్వాగతం ఏర్పాటు చేసినప్పుడు బాణసంచా కాల్చారు. ఫ్రాన్స్‌లో అదే మొదటిసారని చెబుతారు. ఆ తరవాత డయాన్ వంతెన మీద కేథరిన్ పొడవాటి నాట్యశాల లేపింది. 60 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 18 కిటికీలు. అడుగు పెట్టినవాళ్ళు కిటికీల్లోంచి నదిని చూస్తూ ముందుకు సాగిపోతారు. కాసేపు తల దించి చూడండి. నేల చదరంగపు గళ్ళలా పరిచి ఉంటుంది. తెల్ల గళ్ళు త్యూఫో, నల్ల గళ్ళు పలకరాయి. ఈ సీమలో కోట గోడ తెలుపు, పైకప్పు నలుపు. ఆ రెండింటినీ ఇక్కడ కాళ్ళ కిందికి తెచ్చారు. గోడ పక్కన రాళ్ళు ఇంకా నిబ్బరంగా ఉన్నా, నడకదారి మధ్యలో తెల్లరాయి అరిగి పల్లం పడింది.

ఆ కోటలో ఇంకొక విశేషం డయాన్ గదిలో ఉంది. పొగగొట్టం మీద హెన్రీ, కేథరిన్ పేర్ల మొదటి అక్షరాలు హెచ్, సీ పెనవేసి చెక్కారు. కాస్త పక్కనుంచి చూస్తే ఆ రెండు కలిసి డీ అక్షరంలా కనబడతాయి. రాణి పేరుగా చదువుకునేవాళ్ళు రాణి పేరుగా, డయాన్ పేరుగా చదువుకునేవాళ్ళు అలాగా చదువుకున్నారు.

నాట్యశాల పూర్తయ్యి కేథరిన్ తన ఇంకో కొడుకు మూడవ హెన్రీ కోసం అక్కడ విందు జరిపిన సంవత్సరం 1577. అదే సంవత్సరం, అదే దేశంలో, రాజభవనాలతో పెద్దగా సంబంధం లేనట్టు కనిపించే ఒక ఉత్తర్వు వచ్చింది. పారిస్ నగరం చుట్టూ 20 లీగుల లోపల, అంటే ఇప్పటి లెక్కలో సుమారు 88 కిలోమీటర్ల లోపల, నగరపు వైన్ వర్తకులు, పానశాలలవాళ్ళు సరుకు కొనకూడదని పారిస్ పార్లమాన్ అనే పెద్ద న్యాయస్థానం శాసించింది. ఇక వాళ్ళు దూరం వెళ్ళక తప్పలేదు. దూరం నుంచి పీపాలు తేవాలంటే నది కావాలి. లువార్ సిద్ధంగా ఉంది. విందు సంగతి మార్గదర్శకులందరూ చెబుతారు. ఉత్తర్వు సంగతి ఎవరూ చెప్పరు. లోయ బతుకును ఎక్కువ మార్చింది మాత్రం ఉత్తర్వే.

ఎందుకంటే అప్పటికే రాజులు వెళ్ళిపోతున్నారు. పవియా యుద్ధంలో పట్టుబడి విడుదలైన మొదటి ఫ్రాన్సిస్ 1528లోనే ఇకమీదట పారిస్ దగ్గరే ఎక్కువగా ఉంటానని ప్రకటించాడు. 1519లో ఆయన మొదలుపెట్టిన షాంబోర్ కోటలో ముప్పై రెండేళ్ళ పాలనలో ఆయన గడిపింది 72 రోజులే. 1589లో మూడవ హెన్రీని కత్తితో పొడిచి చంపాక ఆయన భార్య లూయీజ్ షెనాన్సోలో నల్లరంగు వేయించుకున్న గదిలో, రాణుల వైధవ్యానికి గుర్తయిన తెల్ల బట్టల్లో బతికింది. అంతటితో అక్కడ రాజవైభవం ముగిసింది. దర్బారు పోయింది, గనులు మిగిలాయి, నది మిగిలింది, కొండ మీద ద్రాక్షతోటలు మిగిలాయి. ఊళ్ళు బతికింది వాటి మీద.

నదికి రెండు దిక్కుల బేరం. ఎగువకు వెళ్ళే వైన్ ఓర్లేయాన్‌లో పడవ దిగి, బండ్లెక్కి పారిస్ చేరేది. ప్రయాణంలో పులిసిపోయిన పీపాలు ఓర్లేయాన్ రేవులోనే ఆగిపోయేవి. వాటితో వెనిగర్ తీసే వృత్తి అక్కడ పెరిగింది. ఆ పనివాళ్ళ సంఘానికి 1394 నుంచే చట్టబద్ధమైన కట్టుబాట్లున్నాయి. 1642లో బ్రియార్ కాలువ లువార్‌ను సేన్ నదితో కలిపింది. ఇక దిగువకు, నాంత్ రేవు వైపు వెళ్ళే వైన్ కథ వేరు. అక్కడ డచ్ వర్తకులు కాచుకుని ఉండేవాళ్ళు. వాళ్ళకు తియ్యటి తెల్ల వైన్ కావాలి. కానీ ఆంజూ సీమ దాటి బ్రిటనీలో అడుగు పెట్టేచోట, అంగ్రాండ్ దగ్గర, సుంకం కట్టాలి. నాసిరకం సరుకుకు ఆ సుంకం కడితే నష్టమే. అందుకని మేలురకాన్ని సముద్రానికీ, మామూలు రకాన్ని పారిస్‌కూ పంపేవాళ్ళు. సుంకపు గుమ్మం ఒకటి వైన్ నాణ్యతను పెంచింది.

ఆ మేలురకాల్లో వూవ్రే ఒకటి. టూర్ నగరానికి పది కిలోమీటర్ల దూరంలో, లువార్ ఉత్తరపు ఒడ్డున, తెల్లటి కొండగోడను ఆనుకుని ఉన్న ఊరు. కొండ ముఖాన ఇంటి గుమ్మం, కిటికీలు ఉంటాయి. గుమ్మం వెనక ఇల్లంతా కొండలోనే. పైన ద్రాక్షతోటలో నడుస్తుంటే వరుసల పక్కన ఉన్నట్టుండి ఇటుక పొగగొట్టం కనిపిస్తుంది. కింద ఎవరి వంటిల్లో అది. గిడ్డంగిలోకి అడుగు పెట్టగానే చెమ్మ వాసన, చీకటికి అలవాటుపడ్డాక గోడ మీద ఏటవాలుగా గనివాడి గునపం గీసిన గీతలు. ఒక వరుస ఇటు వాలి, కింది వరుస అటు వాలి ఉంటాయి. గోడ మీద వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుతుంది. దూరానికి నల్లగా, వెల్వెట్ గుడ్డ కప్పినట్టు బూజు. దాన్ని ఎవరూ కడగరు. పీపాల ఆవిరి తిని బతికే ఆ బూజు గిడ్డంగి ఆరోగ్యానికి గుర్తని ఇక్కడివాళ్ళ లెక్క.

వూవ్రే వైన్ దాదాపు అంతా షెనిన్ అనే ఒక్క రకం తెల్ల ద్రాక్షతోనే నడుస్తుంది. ఆలస్యంగా పండే రకం. పండినా పులుపు పోదు. ఆ పులుపే దానికి ఆయుష్షు. చెకుముకి రాళ్ళున్న బంకమట్టిని ఇక్కడ పెరూష్ అంటారు, సున్నం కలిసిన మట్టిని ఓబుయి అంటారు. ఏ చేను ఏ మట్టిదో రైతుకు నోటికి వచ్చు. శరదృతువు పొడిగా, ఎండగా సాగితే పండును చెట్టు మీదే ఉంచి, విడతలు విడతలుగా తిరిగి కోస్తారు. ఉదయపు పొగమంచుకు కొన్ని గుత్తుల మీద ఒక రకం బూజు పడుతుంది. అది పండులోని నీటిని లాగేసి తీపిని చిక్కబరుస్తుంది. ఆ గుత్తుల నుంచే తియ్యటి వైన్ వస్తుంది. ఏడాది చల్లగా, వానగా పోతే పండు అంతగా పండదు, ఆ ఏడు నురగ వైన్ ఎక్కువ చేస్తారు. రసాన్ని పీపాల్లో పోసి గుహలో ఉంచితే ఆ చల్లదనానికి నెమ్మదిగా, నెలల తరబడి పులుస్తుంది. త్వరపెట్టే యంత్రమూ, చల్లబరిచే యంత్రమూ లేని రోజుల్లో ఆ పని గుహ చేసింది. గొప్ప ఏళ్ళ తియ్యటి వైన్లు దశాబ్దాలు నిలుస్తాయి. 1947 పంట సీసాలు తెరిచినవాళ్ళు ఈనాటికీ గొప్పగా చెబుతారు. 1936లో వూవ్రే పేరుకు ఫ్రెంచి ప్రభుత్వం చట్టరక్షణ ఇచ్చింది. ఆ హద్దుల బయట పండిన ద్రాక్షకు ఆ పేరు పెట్టకూడదు.

ఇదంతా నల్లేరు మీద బండి నడక కాదు. 1880ల్లో ఫిలోక్సెరా అనే పేను ఈ సీమ ద్రాక్ష వేళ్ళను తినేసింది. పురుగును తట్టుకునే అమెరికా వేళ్ళ మీద పాత రకాలను అంటుకట్టి తోటలను మళ్ళీ లేపారు. చాలా ఊళ్ళలో పాత రకాలు తిరిగి రాలేదు. ఇప్పటి శత్రువు ఏప్రిల్ మంచు. చలికాలాలు వెచ్చబడి చిగురు ముందే వస్తోంది, ఆ తరవాత ఒక్క రాత్రి మంచు కురిస్తే ఏడాది పంట పోతోంది. 2016లో, 2021లో అదే జరిగింది. తోటల్లో పెద్ద గాలిపంకాలు నిలబెట్టుకున్నారు, వరుసల మధ్య కుంపట్లు వెలిగిస్తారు. షాంబోర్ కోట పరిధిలో 2015లో మళ్ళీ ద్రాక్ష నాటారు. అందులో రోమోరాంతాన్ అనే పాత రకం ఒకటి. మొదటి ఫ్రాన్సిస్ బర్గండీ నుంచి తెప్పించాడని సంప్రదాయం చెప్పే రకం అది. కోట గోడలు చూసి వచ్చేసేవాళ్ళు ఆ తోట దాకా కూడా నడవాలి.

షెనాన్సో చివరి అధ్యాయాలు రెండు చెప్పి ప్రయాణం సంగతికి వస్తాను. 1913లో ఆ కోట చాక్లెట్ తయారీదార్లయిన మెనియే కుటుంబానికి వచ్చింది. మరుసటేడు మొదలైన మొదటి ప్రపంచయుద్ధంలో వాళ్ళు సొంత ఖర్చుతో కేథరిన్ నాట్యశాలలో మంచాలు వేయించి ఆసుపత్రి నడిపారు. యుద్ధం ముగిసేసరికి అక్కడ వైద్యం పొందిన సైనికులు 2,254 మంది. ఇక 1940లో జర్మన్లు ఫ్రాన్స్‌ను రెండు ముక్కలు చేసినప్పుడు, ఇక్కడ షేర్ నదే సరిహద్దు. కోట ముఖద్వారం ఆక్రమిత ప్రాంతంలో, నాట్యశాల చివరి తలుపు స్వేచ్ఛా ప్రాంతంలో. ఆ 60 మీటర్లు నడిచి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళున్నారు. డయాన్ ఆస్తి కోసం, కేథరిన్ విందు కోసం కట్టించిన దారి అది.

మూడు రోజులు చేతిలో ఉంటే నా సలహా ఇది. పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి వేగపు రైలులో గంట, గంటంపావులో టూర్ చేరుకోవచ్చు. అక్కడే బస పెట్టుకోండి. మొదటి రోజు షెనాన్సో. టూర్ నుంచి లోకల్ రైలు అరగంటే, స్టేషన్ నుంచి కోట గుమ్మానికి నాలుగడుగులు. తెరవగానే లోపలుంటే నాట్యశాలలో నేల కనబడుతుంది, ఆలస్యమైతే జనం కాళ్ళే కనబడతాయి. వీలుంటే ఆ సాయంత్రం బూరే గని చూడండి. కోట రాయి ఎక్కడినుంచి వచ్చిందో అదే రోజు చూడడం మంచిది. రెండో రోజు వూవ్రే, అంబ్వాజ్. రెండూ లువార్ మీదే, మధ్య దూరం సుమారు పదిహేను కిలోమీటర్లు, నది వెంట సైకిల్ దారి ఉంది. అంబ్వాజ్‌లో కోటతో పాటు లియొనార్డో డావిన్చీ 1519లో కన్నుమూసిన క్లో లూసే భవనం కూడా చూడొచ్చు. మూడో రోజు షాంబోర్. దానికి వాహనం ఉంటేనే సుఖం. రోజుకు ఒక పెద్ద కోట చాలు. నాలుగు కోటలు నాలుగు గంటల్లో చూపించే బస్సు యాత్రలను నేను సిఫారసు చేయను. ఫొటోలు మిగులుతాయి, కోటలు కలగలిసిపోతాయి.

చిన్న గిడ్డంగులు చాలావరకు కుటుంబాలు నడిపేవి. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మూసేస్తారు, ఆదివారాలు చాలామంది తెరవరు. ముందుగా ఫోన్ చేసి వస్తామని చెప్పాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ద్రాక్ష కోతలు, వాళ్ళకు ఊపిరి సలపదు. ఆగస్టులో కోటల్లో ఊపిరి ఆడదు. మే, జూన్ నెలలు అన్నివిధాలా మేలు. రుచి చూశాక ఉమ్మేయడానికి పాత్ర పెడతారు, అందులో ఉమ్మితే తప్పేం లేదు, అది మర్యాదే. తాగే అలవాటు లేనివాళ్ళు కూడా గిడ్డంగి చూడొచ్చు. గోడ మీద గునపం గీతలు చదవడానికి వైన్ తాగనక్కర లేదు. బండి నడిపేవాళ్ళు మాత్రం గుర్తుంచుకోండి, ఫ్రాన్స్‌లో లీటరు రక్తానికి 0.5 గ్రాముల మద్యం దాటితే నేరం, లైసెన్సు కొత్తదైతే 0.2 గ్రాములే. నడిపేవాళ్ళు ఆ రోజు తాగవద్దు.

వచ్చే భాగంలో షినాన్ వెళదాం. అక్కడి కోటా, కోట కిందే కొండలో తవ్విన వైన్ గుహలూ, 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ మెట్లెక్కి వచ్చిన రోజూ ఆ భాగం కథ.